ట్రైనీలను డిపార్ట్‌మెంట్లన్నీ తిప్పేటప్పుడు ఎక్కడ ఏ పని ఇవ్వాలి? ఎలా ప్లాన్ చేయాలి?

నేను ట్రైనీగా చేరిన మొదటి కంపెనీలో నన్ను ఆరు వారాలు స్టోర్స్‌లో వేశారు. "చూస్తా ఉండు, అదే అర్థమవుతుంది" అన్నారు. సరుకు రాకపోకలు రాసే బిన్ కార్డుల్లోని అంకెలు రిజిస్టర్లోకి ఎక్కించాను, జిరాక్సులు తీశాను. ఏడో వారం పర్చేజ్‌కి పంపితే అక్కడి మేనేజర్ "స్టోర్స్‌లో ఏం నేర్చుకున్నావు?" అని అడిగారు. చెప్పడానికి ఒక్క ముక్క లేదు. ఆ రోజు పడిన ఇబ్బంది ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత చిత్తూరు, తిరుపతి వైపు ఫ్యాక్టరీల్లో ట్రైనీలకు పోస్టింగులు వేసే పని నాకే వచ్చింది. ట్రైనీ వెళ్లిన ప్రతిచోటా ఆ డిపార్ట్‌మెంటుకు పనికొచ్చేది ఏదో ఒకటి చేసి రావాలని అప్పటి నుంచి పట్టుబడుతున్నాను.

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అందులో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంటే పెద్ద సంస్థకు కొత్తవాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లు కార్మికులు కారని, శిక్షణకు వచ్చినవాళ్లని అదే చట్టం చెబుతుంది. కాబట్టి లైన్‌లో మనిషి రాకపోతే ఆ ఖాళీలో ట్రైనీని నిలబెట్టే అలవాటు ముందు మానుకోవాలి.

ప్లాన్ వేయడానికి కూర్చున్నప్పుడు చాలామంది డిపార్ట్‌మెంట్ల లిస్టు తీసి, పన్నెండు నెలలను వాటికి సమానంగా పంచేస్తారు. మీరు లిస్టు పక్కన పెట్టి, మీ సంస్థలో మొదటి నుంచి చివరిదాకా ప్రయాణించే వస్తువు ఒకటి ఎంచుకోండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయితే అది గుజ్జు డ్రమ్ము. రైతు తోటలో కోసిన తోతాపురి కాయ ఫ్యాక్టరీ కాటా దగ్గరికి వచ్చి, మాగి, గుజ్జయి, ల్యాబ్‌లో పాసై, సుమారు 215 కిలోల డ్రమ్ములోకి చేరి, కంటైనర్ ఎక్కుతుంది. ట్రైనీ ఆ డ్రమ్ము వెంట నడవాలి. అప్పుడు ఒక పోస్టింగులో పుట్టిన సందేహానికి తర్వాతి పోస్టింగులో జవాబు దొరుకుతుంది. ఈ లోడు ఎందుకు వెనక్కి పంపారని కొనుగోలు దగ్గర అడిగిన కుర్రాడు, ల్యాబ్‌లో బ్రిక్స్ (గుజ్జు తీపి కొలత) 14 కంటే తగ్గినప్పుడు జరిగే గొడవ చూసి తనకు తానే తెలుసుకుంటాడు.

తర్వాత క్యాలెండర్ చూడండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. డిసెంబరులో ట్రైనీని కాయ కొనుగోలుకు పంపితే పాత ఫైళ్లు తప్ప చూడటానికి ఏముంటుంది? దామలచెరువు, బంగారుపాళెం వైపు ర్యాంపులు (రైతుల దగ్గర కాయ కొనే చోట్లు) కళకళలాడేది, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరేది జూన్, జులైలలోనే. అకౌంట్స్‌కు మార్చిలో పంపాలి, మెయింటెనెన్స్‌కు సీజన్ అయ్యాక మిషన్లు విప్పేటప్పుడు పంపాలి. "ఇంత రద్దీలో కొత్తవాళ్లు వద్దండీ" అని ప్రతి హెడ్డూ అంటారు. ఒప్పుకోకండి. పని ఎలా నడుస్తుందో రద్దీలోనే తెలుస్తుంది.

ఇక ట్రైనీకి పని ఎంచడం. హెడ్డు దగ్గరికి వెళ్లి "మా వాడికి ఏం నేర్పిస్తారు?" అని అడిగితే మర్యాదకు ఏదో చెబుతారు. "ఎప్పటినుంచో చేద్దామనుకుంటూ టైం దొరక్క ఆగిపోయిన పని ఏదైనా ఉందా?" అని అడగండి. అసలు విషయం బయటికొస్తుంది. ఒక సీజన్‌లో ఇలా అడిగితే కాటా దగ్గర బండ్లు గంటల తరబడి ఎందుకు ఆగుతున్నాయో ఎవరికీ సరిగ్గా తెలియదన్నారు. ఒక ట్రైనీ అమ్మాయికి నోట్‌బుక్ ఇచ్చి నాలుగు రోజులు కాటా పక్కన కూర్చోబెట్టాం. బండి గేటుకు ఎప్పుడొచ్చింది, లోడు తూకం ఎప్పుడైంది, కాయ దించి ఖాళీ బండి తూకానికి మళ్లీ ఎప్పుడొచ్చింది, అన్నీ రాసింది. మూడో రోజు కాటా ఆపరేటర్ తనే పిలిచి, "చూడమ్మా, ఖాళీ బండి, లోడు బండి ఎదురుబొదురు నిలబడి ఒకదాన్నొకటి కదలనీయవు, అదీ రోగం" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన్ను అడిగినవాళ్లే లేరు. ఆ అమ్మాయి రాసిన టైములు ముందు పెట్టుకునే, ఖాళీ బండ్లను గంటకోసారి గుంపుగా తూచే పద్ధతి మొదలుపెట్టారు.

ఇచ్చే పని ఈ కొలతలో ఉండాలి: నాలుగు నుంచి ఆరు వారాల్లో తెమిలేది, తప్పు జరిగినా సరిదిద్దుకోగలిగేది, ఎవరో ఒకరు నిజంగా ఎదురుచూస్తున్నది. ట్రైనీ కలెక్టర్లకు కూడా జిల్లాలో కొన్ని వారాలు తహసీల్దారుగా, ఎంపీడీఓగా స్వతంత్ర బాధ్యత ఇస్తారు. సంతకం తనదైతేనే మనిషి కాగితం పూర్తిగా చదువుతాడు.

ప్రతి పోస్టింగులో ట్రైనీని ఒక మనిషికి అప్పగించండి. హెడ్డుకు వద్దు, ఆయనకు తీరిక ఉండదు. పని తెలిసి, ఓపికగా చెప్పే సీనియర్ చాలు. అయితే ఆ ఆరు వారాలు ఆయన పనిలో కొంత తగ్గించాలి. తగ్గించకపోతే ట్రైనీ ఆయనకు భారమవుతాడు, మళ్లీ జిరాక్సుల దగ్గరికే చేరతాడు.

వారానికోసారి అరగంట మీరే ట్రైనీతో కూర్చోండి. రిపోర్టు రాయించకండి, ఇంటర్నెట్‌లో దొరికింది అతికించి తెస్తారు. "ఈ వారం నీకు విచిత్రంగా అనిపించింది ఏంటి?" అని అడగండి. మూడు వారాలు వరుసగా "ఏం లేదు సార్" అంటే తప్పు ట్రైనీది కాదు, పోస్టింగుది. మధ్యలోనే పని మార్చండి. ఆరు వారాలూ గడవనివ్వాలని రూలేమీ లేదు.

చివరి రెండు రోజులు ఖాళీగా ఉంచి, తర్వాత వచ్చే ట్రైనీని ఆ రోజుల్లోనే పిలవండి. పాతవాడు కొత్తవాడిని వెంటబెట్టుకుని తిప్పాలి: ఎవరిని ఏం అడగాలి, ఏ రిజిస్టర్ ఎక్కడుంటుంది, సగంలో ఆగిన పని ఏది. నోట్‌బుక్ ఇంటికి తీసుకుపోకుండా కొత్తవాడి చేతికిచ్చి పోవాలి. కాటా దగ్గర మొదలైన ఆ నోట్‌బుక్‌లో నాలుగో ట్రైనీ చేతిరాత చూశాక, దానికి అట్ట వేయించి పెట్టుకున్నాం.