జంట అవుట్‌బోర్డ్‌ల మోడల్ పడవ ఒక పక్కకే లాగుతుంటే

జంట అవుట్‌బోర్డ్‌లు, అంటే వెనుక బయట బిగించే మోటార్లు రెండు ఉన్న పడవ, స్టీరింగ్ తిన్నగానే ఉన్నా ఎడమకే పోతోందని చెప్పేవారిని నేను ముందు అడిగేది ఒక్కటే: రెండు ఈఎస్‌సీలకూ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టెలకు) విడివిడిగా థ్రాటిల్ క్యాలిబ్రేషన్ చేశారా? "రెండూ ఒకే రకం కదండీ" అంటారు. ఒకే రకమైనంత మాత్రాన సున్నా ఎక్కడో, పూర్తి థ్రాటిల్ ఎక్కడో రెండిటికీ ఒకేలా తెలియదు. ప్రొపెల్లర్లు తీసేయండి. రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్ (మీట స్థానాన్ని కొద్దిగా అటూ ఇటూ సవరించేది) సున్నాకు తెచ్చి, ఒక ఈఎస్‌సీ ఆపి రెండోదానికి, దాన్ని ఆపి మొదటిదానికి చేయండి. తర్వాత థ్రాటిల్ కొద్దికొద్దిగా పెంచితే రెండు మోటార్లూ ఒకేసారి కదలాలి. ఒకటి ముందే లేచిందంటే పడవను ఇంకా నీళ్లలో దించే పని లేదు. మోటారుకొక బ్యాటరీ వాడేవారు రెండిటి వోల్టేజీ కూడా చూసుకోవాలి. ఒకటి ముందు దిగిపోతే ఆ పక్క ఈఎస్‌సీ కరెంటు కోసేస్తుంది, పడవ చెరువు మధ్యలో గిరగిరా తిరుగుతుంది.

ఇదంతా చేశాక కూడా లాగుతుంటేనే కింది భాగం చదవండి.

సమస్య: మొదటి నిమిషం తిన్నగా పోయి, తర్వాత ఒక పక్కకు లాగడం

నన్ను మూడు సాయంత్రాలు ఏడిపించింది ఇదే. డీప్-వీ పడవ అడుగు మొనదేలి ఉంటుంది కాబట్టి రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిశలో తిరిగితే ఒరిగిపోతుంది. అందుకని ఒకటి కుడి, ఒకటి ఎడమ రకం ప్రొపెల్లర్ పెట్టి, ఒక మోటారును ఎదురు దిశలో తిప్పుతాం. బ్రష్‌లెస్ మోటారుకు ఉన్న మూడు తీగల్లో ఏ రెండిటిని తారుమారు చేసినా దిశ మారిపోతుంది. అంత సులువు కాబట్టే ఎవరూ ముందుకు ఆలోచించరు.

మోటారుకూ ప్రొపెల్లర్‌కూ మధ్య, వంపు తిరిగిన కాలు (అవుట్‌బోర్డ్‌లో నీళ్లలోకి దిగే భాగం) లోపల ఫ్లెక్స్ కేబుల్ ఉంటుంది. అది సన్నని ఉక్కు తీగలు పేనిన తాడు. తాడుకు పురి ఒకవైపే ఉంటుంది. పురి బిగిసే దిశలో తిప్పితే కేబుల్ సన్నబడి గట్టిగా పనిచేస్తుంది. ఎదురు తిప్పితే పురి విడిపోయి, లావై, గొట్టం లోపలి గోడకు రాసుకుంటుంది. ఒకే రకం మోటార్లు రెండు కొన్నప్పుడు రెండిటిలోనూ ఒకే పురి కేబుల్ వస్తుంది. మనం ఒకదాన్ని తిరగేస్తాం. ఇక అడగాలా!

మొదటి నిమిషం ఏమీ తెలియదు. రాపిడికి గొట్టం వేడెక్కి గ్రీజు కరిగాక ఆ మోటారు వేగం తగ్గుతుంది, పడవ అటు లాగుతుంది. నేను ఈఎస్‌సీ మార్చాను, మోటారు మార్చాను, ప్రొపెల్లర్లు కొత్తవి వేశాను. చివరికి పడవ ఒడ్డుకు రాగానే ఎడమ కాలు పట్టుకుంటే వేలు చురుక్కుమంది, మాడిన గ్రీజు వాసన. కేబుల్ బయటికి లాగితే చివర కొబ్బరితాడులా విచ్చుకుని ఉంది.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. కేబుల్ బయటికి తీసి, ప్రొపెల్లర్ వైపు చివర ఎడమ చేతి వేళ్లతో గట్టిగా పట్టుకుని, మోటారు వైపు చివరను ఆ మోటారు తిరిగే దిశలోనే మెలిపెట్టండి. తీగలు ఒకదానికొకటి దగ్గరై గట్టిపడితే సరైన కేబుల్. మధ్యలో తీగల నడుమ సందులు కనిపిస్తే అదే దొంగ. విప్పడానికి బద్ధకమైతే మరో దారి ఉంది. రెండు మోటార్ల దిశలూ తిరగేసి, ప్రొపెల్లర్లు అటువి ఇటు మార్చి ఒకసారి నడపండి. లాగుడు రెండో పక్కకు మారితే కేబుల్ గురించి ఇక సందేహం లేదు.

పరిష్కారం ఎదురు పురి కేబుల్ కొనడమే. అది దొరికేలోగా రెండు మోటార్లనూ పురి బిగిసే దిశలోనే తిప్పండి, ప్రొపెల్లర్లూ ఒకే రకం వేయండి, ఒరుగుడు పోవడానికి బ్యాటరీని రెండో పక్కకు కాస్త జరపండి. అందం తగ్గుతుంది, పడవ మాత్రం ఇంటికి వస్తుంది. కాలు లోపల గేర్లు ఉన్న మోటార్లకు ఈ గొడవే లేదు.

సమస్య: వేగం అందుకోదు, లేదా మలుపులో ప్రొపెల్లర్ గాలి పీల్చి కూత పెడుతుంది

ఒంటి మోటారుకు ఎత్తు కొలిచినట్టే పడవ నడుమ గీత నుంచి కొలిచి ఉంటారు. జంట మోటార్లు నడుమ గీతకు ఇరుపక్కలా ఉంటాయి, డీప్-వీ అడుగు పక్కలకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. అడుగు వాలు 22 డిగ్రీలు, మోటారు నడుమ నుంచి 50 మి.మీ. పక్కన ఉందనుకుంటే, అక్కడ అడుగు నడుమ కన్నా దాదాపు 20 మి.మీ. పైన ఉంటుంది. ఆ తేడా చూడకుండా బిగిస్తే కాలు నీళ్లలో మునిగి లంగరులా లాగుతుంది. మోటారు ఉన్నచోటి అడుగు నుంచే కొలవండి. ప్రొపెల్లర్ పై అంచు ఆ అడుగుతో సమంగా ఉండేలా మొదలుపెట్టి, పరుగుకు 2 మి.మీ. చొప్పున పైకి జరపండి. మలుపులో బయటి పక్క మోటారు కూత పెట్టగానే ఒక మెట్టు కిందికి దించి బిగించేయండి. రెండు కాళ్లనూ వీలైనంత దగ్గరగా పెడితే ఈ బాధ తగ్గుతుంది. ఎంత దగ్గరన్నది స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూస్తే తెలుస్తుంది, కాళ్లు ఒకదాన్నొకటి తాకకూడదు.

ముక్కు పైకీ కిందికీ గుర్రంలా ఊగుతుంటే కాళ్ల కింది కొసలను ఒక డిగ్రీ పడవ వైపుకు తెండి. రెండిటినీ సమానంగా.

సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) వణుకుతుంటే రెండు ఈఎస్‌సీల ఎర్ర తీగలూ రిసీవర్‌కు పోతున్నాయేమో చూసి, ఒకటి తీసి టేపు చుట్టండి. బేరింగులు, వంగిన షాఫ్టు, రిమోట్ రేంజి లాంటివి నాకు ఎప్పుడో గాని తగల్లేదు. వాటిని చివరికి వదిలేయండి. నాచు మాత్రం ప్రతిసారీ తగులుతుంది. మోటార్లను చల్లబరిచే నీళ్లు లోపలికి తీసుకునే గొట్టం ఒక్కటే పెట్టి రెండు మోటార్లకూ పంచితే, ఒక పాయ మూసుకుపోయినా రెండోదాని ధార చూసి మోసపోతారు. గొట్టాలు రెండూ వేరుగా పెట్టండి, పడవ దాటిపోతున్నప్పుడు రెండు పక్కలా ధార పడుతోందో లేదో చూడండి.