ఆటో మలుపులో చక్రం ఎత్తెయ్యకుండా: బరువు కేంద్రం కొలవడం, సరిచేయడం

ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న బండి పక్కకి పడితే, ముందు టైరు నుంచి బయటివైపు వెనక టైరుకి గీసిన ఏటవాలు గీత మీదుగా పడుతుంది. ముందుకెళ్లేకొద్దీ ఆ గీత బండి మధ్యకి దగ్గరవుతుంది. కాబట్టి వెనక వెడల్పు చూసి ధైర్యపడొద్దు, బరువు కేంద్రం (బండి బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) ఎక్కడుందో కొలవండి.

సమతలమైన నేల మీద మూడు చక్రాల కిందా తూకం మిషన్లు పెట్టండి. మనుషుల బదులు ఇసుక బస్తాలు సీట్ల మీద నిలువుగా కట్టండి. ఫ్లోరు మీద పెడితే ఎత్తు తక్కువ చూపిస్తుంది. ముందు 210, వెనక 195 చొప్పున వస్తే మొత్తం 600 కిలోలు, వెనక వాటా 65 శాతం. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2000 మి.మీ. అయితే కేంద్రం ముందు ఇరుసుకి 1300 మి.మీ. వెనక ఉంది.

ఇక ఎత్తు. షాకబ్జర్లు కదలకుండా చెక్కదిమ్మలు బిగించండి, ఇది మరిచిపోతే లెక్కంతా వృథా. బ్రేకు వదిలి, న్యూట్రల్లో ఉంచి, ముందు చక్రాన్ని వెనక చక్రాల కంటే 400 మి.మీ. పైకి లేపి స్టాండుకి కట్టేయండి. లేపాక ఇరుసుల మధ్య అడ్డంగా దూరం 1960 మి.మీ.కి తగ్గుతుంది, కాబట్టి వాలు 400 ÷ 1960 = 0.204. వెనక తూకం 24.5 కిలోలు పెరిగితే, ఇరుసుల నుంచి కేంద్రం ఎత్తు 2000 × 24.5 ÷ (600 × 0.204) = 400 మి.మీ. చక్రం వ్యాసార్ధం 200 కలిపితే ఎత్తు 600 మి.మీ.

వెనక ట్రాక్ (రెండు వెనక టైర్ల మధ్య దూరం) 1150 మి.మీ. అనుకుంటే, అందులో సగం 575. చక్రం లేవకుండా బండి తట్టుకునే పక్క తోపుడు హద్దు 575 × 0.65 ÷ 600 = 0.62 జి (1 జి అంటే భూమ్యాకర్షణ అంత). 10 మీటర్ల వ్యాసార్ధం మలుపులో గంటకు 28 కి.మీ. దాటితే లోపలి చక్రం లేస్తుంది. స్ప్రింగుల వల్ల బండి ఒరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ముందే లేస్తుంది. పొడి తారురోడ్డు మీద టైరు పట్టు 0.7 దాకా ఉంటుంది, అంటే జారేలోపే బోల్తా. మలుపు మధ్యలో 0.3 జి బ్రేకు కొడితే బరువు ముందుకి, ఇరుకువైపు పోయి హద్దు 0.54కి పడిపోతుంది.

మొదట ఎత్తు తగ్గించండి. 80 కిలోల బ్యాటరీని 300 మి.మీ. కిందికి దించితే కేంద్రం 40 మి.మీ. దిగి, హద్దు 0.67కి చేరుతుంది. బరువు వెనక్కి జరిపినా అంకె పెరుగుతుంది గానీ, మూడూ ఒకే టైర్లయితే వెనక వాటా మూడింట రెండు వంతులు దాటించొద్దు. దాటితే మలుపులో వెనక భాగం విసురుతుంది. వెనక క్యారియర్ మీద జనాన్ని ఎక్కిస్తే హ్యాండిల్ తేలిపోయేదీ బరువు ఇలా వెనక్కి పోవడం వల్లే.

హ్యాండిల్ వణుకుతుంటే మొదట టైర్లలో గాలి చూడండి, తర్వాత కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు). చక్రం లేపి ఫోర్కు అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్‌మంటే వదులైనట్టే. బిగించాక హ్యాండిల్ ఎక్కడా పట్టకుండా తిరగాలి. సరిగ్గా మధ్యలో పట్టేస్తుంటే బాల్‌రేసులో గుంటలు పడ్డాయి, అది ఎంత బిగించినా కుదరదు, మార్చాల్సిందే.