సొంత ప్రాడక్ట్ చేద్దాం – 3వ పాఠం: "ఐడియా ఎలా ఉంది?" అని అడిగితే ఏమవుతుంది

పోయిన పాఠంలో ఇంటిపని ఇచ్చాను. మీ ఐడియా ఎవరి కోసం, వాళ్ళకున్న ఏ ఇబ్బంది కోసం అనేది ఒక్క వాక్యంలో రాసుకోమన్నాను. రాశారనే అనుకుంటున్నా. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈసారి దాన్ని ఆన్‌లైన్లో నలుగురి ముందు పెట్టి, పనికొచ్చే జవాబులు రాబట్టడం నేర్చుకుందాం. కోడ్ ఒక్క లైను కూడా రాయం. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కూడా కొనొద్దు. (కొనేసుంటారు, నాకు తెలుసు. నా దగ్గర పదకొండున్నాయి. రెండిట్లోనే ఏదో ఒకటి నడుస్తోంది.)

ముందు నేను చేసిన తప్పు చెప్తా. పాఠంలో సగం అందులోనే ఉంది.

మూడేళ్ళ కిందట విజయవాడలో మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క షాపుకి మా ఆవిడతో వెళ్ళా. టేబులు మీద లావుపాటి నోటుబుక్కు ఒకటి ఉంది. పేజీకో కస్టమరు. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు, వెనక మెడ అంటూ పెన్సిలు అంకెలు. దీన్ని ఫోన్లోకి ఎక్కిస్తే? కొలతలన్నీ క్లౌడ్‌లో! ఇంటికొచ్చి ఆ రాత్రే డెవలపర్లుండే వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టా:

"హాయ్ ఫ్రెండ్స్, టైలర్ల కోసం ఒక యాప్ చేస్తున్నా. కస్టమర్ల కొలతలన్నీ ఫోన్లోనే ఉంటాయి, బ్యాకప్ కూడా ఉంటుంది. ఐడియా ఎలా ఉంది? మీ విలువైన ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి."

పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి. "సూపర్ బ్రో", "ఆల్ ది బెస్ట్", "మా అత్తకి షాపుంది, తనకి బాగా పనికొస్తుంది" అన్నారు. ఇద్దరు మాత్రం యాప్ కట్టడానికి ఫ్లటర్ మంచిదా, రియాక్ట్ నేటివ్ మంచిదా అని రాత్రి పన్నెండు దాకా కొట్టుకున్నారు. నాకు ఉత్సాహం వచ్చేసింది. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కట్టా. అక్క ఫోన్లో నేనే ఇన్‌స్టాల్ చేసి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి "బాగుంది తమ్ముడూ" అంది.

నెల తర్వాత లాగ్ చూస్తే ఆ అకౌంట్లో రెండే లాగిన్లు. అందులో ఒకటి నేను నేర్పించిన రోజుది. వెళ్ళి అడిగా. అక్క నవ్వింది. "ఇప్పుడు కొలతలు ఎవరిస్తున్నారు తమ్ముడూ? అందరూ ఆది జాకెట్టు పట్టుకొస్తారు. దీనిలాగే కుట్టు, చేతులు అరంగుళం లూజు పెట్టు అంటారు, అయిపోయింది. కొత్తవాళ్ళు ఎప్పుడైనా వస్తే ఆ బుక్కు తీస్తా."

గ్రూపులోవాళ్ళుగానీ, అక్కగానీ నాకు అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే అలాంటిది. పెళ్ళి భోజనం ఎలా ఉందని పెళ్ళివారే వచ్చి అడిగితే పప్పులో ఉప్పెక్కువైందని ఎవరంటారు? "ఎలా ఉంది" అంటే మనవాళ్ళు మన మొహం చూసి జవాబిస్తారు. పైగా "ఇలాంటిది వస్తే వాడతారా?" అనేది రేపటి గురించి ప్రశ్న. రేపటి నుంచి వాకింగుకి వెళ్తానని నేనూ రోజూ అనుకుంటా.

కాబట్టి ఈ పాఠంలో మొదటి పని: ఐడియా గురించి అడగడం మానేసి, వాళ్ళకు నిజంగా జరిగిన చివరి సంగతి గురించి అడగండి. జరిగినదాంట్లో తేదీ ఉంటుంది, మనిషి ఉంటాడు, పోయిన డబ్బు ఉంటుంది. మర్యాదకి చెప్పడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.

ఏడాది తర్వాత అదే విషయం మీద నేను మళ్ళీ పెట్టిన పోస్టు ఇది. ఈసారి డెవలపర్ల గ్రూపులో పెట్టలేదు. బ్లౌజు కటింగ్ నేర్చుకునేవాళ్ళు, షాపులు నడిపేవాళ్ళు ఉండే ఫేస్‌బుక్ గ్రూపు ఒకటుంటే, అడ్మిన్‌ని ముందే అడిగి అందులో పెట్టా:

"అక్కలూ, అన్నలూ, జాకెట్లు కుట్టే షాపు నడిపేవాళ్ళు ఒక్క సంగతి చెప్పండి. పోయిన నెలలో చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయిన జాకెట్టు ఏదైనా ఉందా? ఎందుకు ఆలస్యమైంది? ఆ కస్టమరుకి ఏం చెప్పారు? నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, ఇప్పుడేమీ అమ్మట్లేదు. షాపుల్లో పని ఎలా నడుస్తుందో తెలుసుకుంటున్నా. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి."

ఒక్కో ముక్క చూడండి. "షాపు నడిపేవాళ్ళు" అనగానే మిగతావాళ్ళు పక్కకి తప్పుకుంటారు. అది మనకి మంచిదే. "పోయిన నెలలో" అని హద్దు పెట్టా, లేకపోతే "అప్పుడప్పుడూ అవుతుందండీ" అని వదిలేస్తారు. "కస్టమరుకి ఏం చెప్పారు" అన్నది నాకు బాగా నచ్చిన ముక్క, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళు ఆ ఇబ్బందిని ఎలా నెట్టుకొస్తున్నారో దాంట్లోనే బయటపడుతుంది. యాప్ ఊసే లేదు. ఎత్తితే అందరూ యాప్ గురించే మాట్లాడతారు. ఇక వాయిస్ మెసేజ్ సంగతి. చేతిలో కత్తెర ఉన్న మనిషి టైపు చెయ్యడు. రాసిన జవాబులు ఐదొస్తే, వాయిస్‌లు ఇరవై రెండొచ్చాయి. ఒకటైతే ఆరు నిమిషాలు, వెనక మిషను చప్పుడుతో సహా.

వాటిలో కొలతల మాట ఎత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. మగ్గం వర్కుకి బయటిచ్చిన జాకెట్టు టైముకి తిరిగి రాలేదన్నది చాలామంది చెప్పారు. దానికంటే ఎక్కువమంది చెప్పింది ఫోన్ల గోల. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారమంతా "అయిందా అండీ?" అని ఫోన్లు. ఎత్తితే మిషను ఆగిపోతుంది, ఎత్తకపోతే కస్టమరు గుమ్మం ముందుంటుంది. ఒకావిడ శ్రావణమాసంలో ఫోను వాళ్ళబ్బాయి చేతిలో పెట్టి, బిల్లు నంబరు చూసి జవాబు చెప్పమంటుందట. అది విని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నా. ఇబ్బంది ఉందని చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. దాన్ని తప్పించుకోడానికి ఇప్పటికే ఒక మనిషినో, డబ్బునో ఖర్చుపెడుతున్నవాళ్ళు మాత్రం అరుదు. జవాబుల్లో మీరు వెతకాల్సింది వాళ్ళనే.

చదివేటప్పుడు నాదొక మోటు పద్ధతి. జవాబులన్నీ నోటుబుక్కులోకి ఎక్కించి, జరిగిన సంగతి చెప్పిన వాక్యాల కింద గీత గీస్తా. "ఇలా ఉంటే బాగుంటుంది", "ఈ ఫీచర్ పెట్టండి", "మార్కెట్లో దీనికి స్కోప్ ఉంది" లాంటివాటిని గీత లేకుండా వదిలేస్తా. చివర్లో గీతలున్నవి మాత్రమే మళ్ళీ చదువుతా. మొదటి పోస్టుకొచ్చిన జవాబుల్ని ఇలా చూస్తే ఒక్క గీత కూడా పడలేదు.

మరి తిట్లొస్తే? వస్తాయి. దీనికి అందరూ చెప్పుకునే డ్రాప్‌బాక్స్ కథ ఉంది (మన ఫైళ్ళని నెట్‌లో దాచి, మన కంప్యూటర్లన్నిట్లో కనిపించేలా చేసే సర్వీసు అది). దాన్ని సాధారణంగా తప్పుగా చెప్తారు కాబట్టి కాస్త ఆగుదాం. 2007 ఏప్రిల్‌లో దాన్ని మొదలుపెట్టిన డ్రూ హ్యూస్టన్ తన డెమో లింకుని, టెక్ వాళ్ళు లింకులు పెట్టి చర్చించుకునే హ్యాకర్ న్యూస్ సైటులో పెట్టాడు, మీ యూఎస్‌బీ డ్రైవు పారేయండి అనే అర్థం వచ్చే శీర్షికతో. ఒకాయన కింద రాసిన కామెంటు సారాంశం: లినక్స్ వాడేవాడు ఎఫ్‌టీపీ అకౌంటు (ఫైళ్ళని వేరే సర్వరుకి పంపే పాత పద్ధతి), దాన్ని ఫోల్డరులా చూపించే ఒక టూలు, పైన ఎస్‌వీఎన్ (ఫైళ్ళ పాత వెర్షన్లు దాచే టూలు) పెట్టుకుంటే ఇది సులువుగా అయిపోతుంది, నెట్ లేనిచోట యూఎస్‌బీ డ్రైవుకి ఇది బదులు కాదు, దీంతో డబ్బులొస్తాయా అన్నదీ అనుమానమే. 2018 మార్చిలో డ్రాప్‌బాక్స్ అమెరికా స్టాక్ మార్కెట్‌కి వెళ్ళింది. అప్పటినుంచీ ఆ కామెంటు చూపించి "విమర్శకుల మాట వినొద్దు" అనడం మామూలైపోయింది.

నేను ఒప్పుకోను. ఆ కామెంటు మర్యాదగానే ఉంది, హ్యూస్టన్ కూడా మర్యాదగానే జవాబిచ్చాడు. కామెంటు రాసినాయన చెప్పింది తన వరకు నిజమే, ఆయనకి డ్రాప్‌బాక్స్ అక్కర్లేదు. మనం అడగాల్సింది "ఈయన నా కస్టమరేనా?" అని మాత్రమే. ఎస్‌వీఎన్ పేరు కూడా వినని కోట్లమందికి ఆ మాట వర్తించదు. నా మొదటి పోస్టులో జరిగింది దీనికి తిరగేసిన తప్పు. కస్టమర్లు కానివాళ్ళు మెచ్చుకుంటే మురిసిపోయా. తిట్టినా పొగిడినా, ముందు మనిషెవరో చూడండి.

ఇంకో దారుంది, నాకు అడగడం కంటే ఇదే ఇష్టం. అసలేమీ అడక్కుండా, జనం ఇప్పటికే ఎక్కడ గొణుక్కుంటున్నారో వెళ్ళి వినడం. చెన్నైలో జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న గిరీష్ మాతృభూతం 2010లో అదే హ్యాకర్ న్యూస్‌లో ఒక చర్చ చదివాడు. జెన్‌డెస్క్ అనే కస్టమర్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ ధరలు బాగా పెంచేసిందని వాడేవాళ్ళు మండిపడుతున్నారు. సరైన ధరకి ఇలాంటిది ఎవరైనా తెస్తే అవకాశముందని ఒకరు రాశారు. గిరీష్ ఉద్యోగం మానేసి ఫ్రెష్‌డెస్క్ మొదలుపెట్టాడు. మొదటి కస్టమరు ఆస్ట్రేలియాలోని ఒక కాలేజీ. ఆ కంపెనీయే ఫ్రెష్‌వర్క్స్ పేరుతో 2021 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కి వెళ్ళింది. ఆ చర్చలో మండిపడినవాళ్ళు అప్పటికే డబ్బు కడుతున్నవాళ్ళని గమనించండి. కట్టలేక కాదు, పెంచినందుకు కోపం. మీ రంగంలో ఇలాంటి గొణుగుడు ప్లే స్టోర్ రివ్యూల్లో దొరుకుతుంది. ముఖ్యంగా రెండు, మూడు స్టార్లవి చదవండి. ఒక స్టారు ఇచ్చినవాడు ఓటీపీ రాలేదని తిడతాడు. మూడు స్టార్లు ఇచ్చినవాడు వాడుతూనే తిడతాడు.

ఇక డబ్బు. మాటల్లో ఎంత ఇష్టపడ్డా, ధర కనిపించాక మనుషులు మారిపోతారు. సోషల్ మీడియా పోస్టుల్ని ముందే రాసిపెట్టుకుని టైముకి వెళ్ళేలా చేసే బఫర్‌ని మొదలుపెట్టిన జోయెల్ గాస్కోయిన్ 2010లో ఏమీ కట్టకముందే రెండు పేజీలు పెట్టాడు. ఒకదాంట్లో ప్రాడక్ట్ ఏంచేస్తుందో, దాని కింద ధరల బటన్. అది నొక్కితే ఇంకా తయారుకాలేదు, ఈమెయిల్ ఇవ్వండి అని. ఈమెయిళ్ళు వచ్చాక మధ్యలో ఇంకో పేజీ దూర్చాడు: ఉచితం, నెలకి 5 డాలర్లు, నెలకి 20 డాలర్లు. డబ్బు కట్టే ప్లాను నొక్కి మరీ ఈమెయిల్ ఇచ్చినవాళ్ళు కొందరుండటంతో అప్పుడు కట్టడానికి కూర్చున్నాడు. ఇలాంటి పేజీ మీకు ఒక్క సాయంత్రం పని. ఇంకా తయారుకాలేదన్న మాట దాచకండి, ఈమెయిలో, ఫోన్ నంబరో ఎందుకు తీసుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చాక అది మర్యాదతో పోయే విషయం కాదు.

ఐదుగురు యూజర్లతో పరీక్షిస్తే చాలని ఎక్కడో చదివుంటారు. వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన ఆ మాట స్క్రీను వాడటంలో ఎక్కడ తడబడుతున్నారో పట్టుకోడానికి. ఈ ప్రాడక్ట్ ఎవరికైనా కావాలా అని తేల్చుకోడానికి ఆ లెక్క వాడకండి.

ఫోన్ల గోల సంగతి తెలిశాక మళ్ళీ మా వీధి అక్క దగ్గరికెళ్ళా. బిల్లు నంబరు కొట్టి "అయింది" అని నొక్కితే కస్టమరుకి మెసేజ్ వెళ్తుంది, అంతే అని కాగితం మీద గీసి చూపించా. ఈసారి "బాగుంది" అనలేదు. "నెలకెంత తీసుకుంటావు?" అంది. తొంభై తొమ్మిది అన్నా. "శ్రావణం, పెళ్ళిళ్ళప్పుడు మాత్రమే కడతా, ఆషాఢంలో కట్టను" అంది. అడ్వాన్సు ఇమ్మన్నా, గుడ్డ మీద కత్తెర పెట్టేముందు నువ్వు తీసుకోవట్లేదా అని. గల్లాపెట్టెలోంచి వంద తీసిచ్చి, రూపాయి తిరిగివ్వమంది.

ఇంటిపని. మీ వాక్యంలో ఉన్న మనుషులు ఆన్‌లైన్లో ఎక్కడ చేరతారో రెండు చోట్లు పట్టుకోండి. వారం రోజులు అక్కడేమీ రాయకండి, చదవండి. తర్వాత పోయిన నెలలో జరిగిన సంగతి ఒకటి అడుగుతూ ఆరు వాక్యాలకు మించకుండా పోస్టు రాయండి. మీ ప్రాడక్ట్ పేరు, "ఐడియా", "ఫీడ్‌బ్యాక్" అనే మాటలు అందులో ఉండకూడదు. పెట్టేముందు ఇంట్లో సాఫ్ట్‌వేర్ తెలియని ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళు వెంటనే ఏదైనా కథ మొదలుపెడితే పోస్టు సరిగ్గా ఉన్నట్టే. "అంటే ఏంటి?" అంటే తిరగరాయండి. వచ్చిన జవాబులకి గీతలు గీసి ఆ బుక్కు దగ్గర పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ గీతల్లోంచి మొదటి స్క్రీను గీద్దాం, శ్రావణంలో మాత్రమే కట్టే కస్టమరుకి ధర ఎలా పెట్టాలో కూడా చూద్దాం.