సముద్రం పక్కన క్యారవాన్‌లో వారం రోజులు గాలం వేయాలంటే, ముందు పోటు వేళ చూసుకోండి

చాలామంది చేసే తప్పే మొదటిసారి నేనూ చేశాను. ఆఫీసులో సెలవు దొరికిన వారం చూసుకుని, సముద్రానికి దగ్గరగా ఉన్న క్యారవాన్ పార్కు (చక్రాల మీది ఇళ్లు అద్దెకిచ్చే చోటు) ఒకటి బుక్ చేసి, రాడ్లు, రీళ్లు, ఎర డబ్బాలు అన్నీ సర్దుకుని వెళ్తే, తీరా అక్కడ పోటు సరిగ్గా మిట్టమధ్యాహ్నం వస్తోంది. ఆ టైమ్‌కి బీచ్ నిండా ఈత కొట్టే పిల్లలే, గాలం విసరడానికి జానెడు జాగా లేదు. రెండో పోటు చూస్తే అర్ధరాత్రి దాటాక. మూడు రోజులు నిద్రా లేదు, చేపా లేదు. అప్పట్నుంచి పోటు పట్టిక ముందు పెట్టుకున్నాకే సెలవు అడుగుతాను, పార్కుకి ఫోన్ చేయడం ఆ తర్వాతే.

లెక్క పెద్ద కష్టమేం కాదు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు ఉంటాయి (కొన్నిచోట్ల ఒక్కోటే, అది పట్టికలో తెలిసిపోతుంది). ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రేపటి పోటు ఇవాళ్టి కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తిరిగేసరికి ఆ తేడా ఆరు గంటల దాకా పోతుంది. అందుకే నేను వెతికేది మొదటి రోజు పోటు ఉదయం 5 ప్రాంతంలో ఉన్న వారం. అలా దొరికితే ఐదో రోజుకి కూడా పోటు ఎనిమిదిన్నర లోపే ఉంటుంది, సాయంత్రం పోటు ఐదున్నర నుంచి మొదలై పొద్దు గుంకే వేళలో నడుస్తుంది. చేపలు ఒడ్డుకి దగ్గరగా వచ్చేదీ, బీచ్ ఖాళీగా ఉండేదీ ఎక్కువగా అప్పుడే. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత పోట్లు పెద్దవిగా, లాగుడు గట్టిగా ఉంటాయి; అష్టమి దరిదాపుల్లో చిన్నవిగా ఉంటాయి. ఇంకో చిన్న సంగతి, ఒక తీరంలో ఆ పెద్ద పోట్లు ఎప్పుడొచ్చినా గడియారంలో దాదాపు ఒకే వేళకి వస్తాయి. ఒక్కసారి రాసిపెట్టుకుంటే మళ్లీ ఏ నెలలో వెళ్లాలన్నా పని తేలిక.

ఇక పార్కు సంగతి. ‘ఫిషింగ్‌కి అనుకూలం’ అని ప్రతివాళ్లూ రాసుకుంటారు, దాన్ని పట్టించుకోకండి. ఫోన్ చేసి అడగండి: చేపలు కడగడానికి బయట బల్ల, కుళాయి ఉన్నాయా? ఎర పెట్టుకోవడానికి ఫ్రీజర్ ఇస్తారా? తడి బట్టలు ఆరేసుకునే గది ఉందా? రాత్రిపూట గేటు మూసేస్తారా, మూస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఎలా బయటికి రావాలి? బీచ్‌కి నడక ఎంత, మధ్యలో మెట్లు ఎన్ని? ఖాళీ చేతులతో పది నిమిషాల నడక, రాడ్లు, బకెట్, సీసం గుళ్లు మోసుకుంటే పాతిక నిమిషాలవుతుంది. జవాబులకంటే జవాబిచ్చే తీరు ఇంకా ముఖ్యం. ‘పోయిన వారం ఫలానా రాళ్ల దగ్గర బాగా పడ్డాయండీ’ అని అవతలి మనిషి తనంతట తాను చెప్పాడంటే ఇంకేం ఆలోచించకుండా బుక్ చేసేయండి. ‘వెబ్‌సైట్‌లో చూసుకోండి’ అన్నాడంటే మాత్రం నేనైతే ఇంకో నంబర్ కలుపుతాను. అదే ఫోన్‌లో లైసెన్స్ కావాలా, ఏ చేపకి ఎంత కొలత ఉంటేనే ఉంచుకోవాలి అన్నవి కూడా అడగండి. ఇవి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, కాబట్టి దిగాక ప్రభుత్వ సైట్‌లో ఇంకోసారి సరిచూసుకోండి.

దిగిన మొదటి సాయంత్రం గాలం వేయొద్దు. చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు, అయినా వద్దు. ముందు ఒకసారి, పైన చెప్పిన లెక్కన మిట్టమధ్యాహ్నం దరిదాపుల్లో, నీళ్లు బాగా తీసేసిన టైమ్‌లో బీచ్ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవండి. ఇసుకలో ఒడ్డుకి సమాంతరంగా కాలవలా గుంట పడి, అందులో ఇంకా కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి చూడండి, పోటు ఎక్కేటప్పుడు చేపలు మేతకి తిరిగే దారి అదే. అలల రాపిడికి పైకి తేలిన పురుగులు, చిన్న పీతలు అందులోకే చేరతాయి. ఫోటో తీసుకోండి, వెనక ఏదైనా స్తంభమో, ఇల్లో గుర్తుగా పడేలా, ఎందుకంటే నీళ్లు నిండాక ఆ గుంట ఎక్కడుందో దేవుడికే తెలియాలి. నీళ్లు ఉన్నప్పుడైతే అలలు విరగకుండా నున్నగా, నల్లగా కనిపించే చోటు లోతు అని గుర్తు. గాలానికి అది మంచి జాగా, కానీ లోపలికి లాగేసే ప్రవాహం ఉండేదీ తరచుగా అలాంటి చోటే, పిల్లల్ని మాత్రం అక్కడ నీళ్లలోకి దింపకండి.

సామాను విషయంలో ఒక్కచోట మాత్రం పిసినారితనం పనికిరాదు, అది షాక్ లీడర్, అంటే విసురు దెబ్బకి తెగకుండా మామూలు లైన్ చివర ముడివేసి కలిపే లావుపాటి లైన్. 150 గ్రాముల సీసం కట్టి బలంగా విసిరినప్పుడు మామూలు సన్న లైన్ తెగిందంటే, ఆ గుండు బుల్లెట్‌లా వెళ్లి ఎవరి తలకి తగులుతుందో చెప్పలేం. బీచ్ గాలం వేసేవాళ్లు వాడే లెక్క ఇది: ఔన్సు సీసానికి 10 పౌండ్ల బలమున్న లీడర్. 150 గ్రాములంటే ఐదు ఔన్సులకి కాస్త పైన, కాబట్టి 50 పౌండ్లది చాలదు, 60ది తీసుకోండి. రాడ్ పొడవుకి రెండింతలు, పైన రీల్ మీద నాలుగైదు చుట్లు పడేంత పొడవు తీసుకోండి. ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడి చేయాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడికక్కడే బలహీనపడుతుంది, గోటితో తడిమితే గరుకుగా తగులుతుంది కూడా. అలా తగిలితే బద్ధకించకుండా కోసేసి మళ్లీ వేయండి.

ఎర గురించి చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గే. సముద్రపు పురుగుల్ని మూత వదులుగా ఉన్న డబ్బాలో వేసి మంచం కింద తోశాను, ఎండకి క్యారవాన్ లోపల కొలిమిలా కాగింది, సాయంత్రం తలుపు తీసేసరికి ఆ వాసన... డబ్బాలోంచి కార్పెట్‌లోకి దిగిన నీళ్లు పరిమళం వారమంతా వెదజల్లాయి, పార్కు వాళ్లకి క్లీనింగ్ డబ్బులు కట్టుకున్నాను. న్యూస్‌పేపర్‌లో వదులుగా చుట్టి, చల్లటి పెట్టెలో పెట్టి, బయట నీడలో ఉంచండి. కుళాయి నీళ్లు చల్లొద్దు, మంచినీళ్లు తగిలితే సముద్రపు పురుగులు చచ్చిపోతాయి. చేపల్ని స్నానాల గదుల దగ్గర సింకులో కడగడం, ఇది ఇంకా ఘోరం. పొలుసులు పైపులో చిక్కుకుంటాయి, ఆ మర్నాటి నుంచి మీ ముఖం చూసేవాడు ఉండడు.

పక్క క్యారవాన్ వాళ్లే మీ అసలు గైడ్లు. గోడలు పలచన, తెల్లవారుజామున తలుపు ధడేల్మని వేస్తే నాలుగు క్యారవాన్లు లేస్తాయి, కాబట్టి రాత్రే అన్నీ బయట సర్దిపెట్టుకుని, తలకి కట్టుకునే లైట్‌ని నేల వైపు వంచి నడవండి. ఒకసారి రెండు గంటలపాటు ఒక్క చేపా తగలక ఉసూరుమంటూ కూర్చుంటే, పక్క క్యారవాన్ పెద్దాయన టీ కప్పుతో వచ్చి, ‘బాబూ, అంత దూరం విసురుతున్నావెందుకు, చేపలు నీ కాళ్ల దగ్గరే ఉన్నాయి’ అన్నాడు. నమ్మలేదు గానీ, ముప్పై మీటర్ల లోపే వేశాను. పది నిమిషాల్లో రాడ్ కొస రెండుసార్లు టక్ టక్‌మని వణికి, ఒక్కసారిగా కిందికి వంగింది. తొలి వణుకుకే లాగేయకండి, చేప ఎరని రుచి చూస్తోందంతే. వంగి అలాగే ఉండిపోయినప్పుడు ఎత్తండి. చిన్నదైతే తడి చేత్తో పట్టుకుని వదిలేయండి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురుని ఊడ్చేస్తుంది. ముళ్లున్న తెలియని చేపని చేత్తో ముట్టుకోవద్దు. విషపు ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, చర్మం కాలకుండా చూసుకుంటూ కనీసం అరగంట ముంచి ఉంచాలి. వాపు పైకి పాకుతున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జాగ్రత్తల్లో మూడు మాత్రం గట్టిగా చెప్తాను. పోటు ఎక్కే ఆరు గంటల్లో మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం నీళ్లు వచ్చేస్తాయి, అదీ ముందు మీ వెనక ఉన్న గుంటల్లోకి, కాబట్టి ఇసుక దిబ్బ మీద నిలబడినవాళ్లు ముందుకే చూస్తూ కూర్చుంటే ఒడ్డుకి దారి ఉండదు. రెండోది, కార్బన్ రాడ్‌లో కరెంట్ పారుతుంది. నిలువుగా పట్టుకుని పార్కులో కరెంటు తీగల కింద నడవొద్దు, ఉరుము వినపడగానే కింద పెట్టేసి లోపలికి పదండి. మూడోది, వాన పడుతోందని బొగ్గుల పొయ్యిని క్యారవాన్‌లోకో ఆనింగ్ (క్యారవాన్‌కి ఆనించి వేసే గుడారం) కిందికో తేవద్దు, ఆరిపోయినట్టు కనిపించేది కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. లోపల దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో దిగిన రోజే బటన్ నొక్కి చూడండి.

బయల్దేరే రోజు రీళ్లని సన్నటి మంచినీటి ధారతో కడగండి, జెట్ పైపుతో కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. తెగిన లైన్ ముక్కలు పక్షుల కాళ్లకి చుట్టుకోకుండా చిన్న చిన్నగా కత్తిరించి చెత్తలో వేయండి. మిగిలిన ఎర పక్క క్యారవాన్ వాళ్లకి ఇచ్చేయండి, ఇంకో రెండు రోజులు ఉండేవాళ్లుంటారు. వెళ్లే ముందు మంచం కింద ఒకసారి వంగి చూసుకోండి.