టెన్త్ పిల్లలతో కలిసి వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

మా అమ్మాయి టెన్త్‌కి వచ్చిన ఏడాది మా ఇద్దరి మధ్య మూడు మాటలే మిగిలాయి: తిన్నావా, చదివావా, ఫోన్ పక్కన పెట్టు. ఆ మూడూ నావే. ఇప్పుడు వారానికి నాలుగు సాయంత్రాలు కలిసి ఆడతాం, నడుస్తాం. నెల్లూరులో మాకు కుదిరిన పద్ధతి ఇది. మొదట్లో చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

1. ఏం చేయాలో వాళ్లనే అడగండి

నేను అడగలేదు. తెల్లవారి ఐదింటికి లేపి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు నడిపించాను. మూడో రోజుకి దుప్పటి ముసుగు తీయలేదు. తర్వాత తెలిసింది, అది బద్ధకం కాదని. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రిపూట ఆలస్యంగా ఊరుతుంది, కాబట్టి పదకొండైనా కన్ను మూతపడదు. పైగా 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. "నీకేం ఇష్టం?" అని అడిగితే షటిల్ అంది, అదీ సాయంత్రం అంది. సరే అన్నాను.

ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. 2001 నాటి ఆ గెలుపు సంగతి చెప్పి అమ్మాయిని ఉత్సాహపరచబోయాను. "నాన్నా, ముందు నువ్వు సర్వీస్ నెట్ దాటించు" అంది.

2. ఎండ చూసి టైమ్ పెట్టుకోండి

రోహిణి కార్తెలో పొద్దు వాలినా సిమెంటు నేల సెగ కొడుతూనే ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేసవిలో పొద్దుగుంకాకే దిగండి. నీళ్ల సీసా మర్చిపోవద్దు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. కళ్లు తిరిగినా, తలనొప్పి మొదలైనా ఆ రోజుకి ఆట ఆపేయాలి.

3. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు, పెద్దలకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలి. ఆ అంకెలు చూసి మొదటి రోజే గంట ఆడితే మర్నాడు మంచం దిగలేరు. ముందు ఐదు నిమిషాలు మెల్లగా నడక, తర్వాత పావుగంట ఆట. మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేకపోతున్నారంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. వారం వారం ఐదు నిమిషాలు పెంచుకోవచ్చు.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగండి. ఛాతీలో నొప్పి వస్తే ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల ముందు పంతానికి పోవద్దు.

4. లెక్క వాళ్ల చేతికివ్వండి

వారానికి మూడు రోజులు ఆటకి ముందు దండీలు, బస్కీలు తీస్తాం. నాకు నేలమీద దండీలు నాలుగు దాటవు, అందుకే గోడకి చేతులు ఆనించి తీస్తాను. అమ్మాయి లెక్కపెడుతుంది, నేను దొంగలెక్క వేస్తే పట్టుకుంటుంది. ఇంట్లో ఎప్పుడూ తప్పులు పట్టేది నేనే. ఇక్కడ తారుమారైంది. మా మధ్య బిగువు సడలింది ఈ దండీల దగ్గరే, షటిల్ దగ్గర కూడా కాదు.

5. కొన్ని మాటలు ఇంట్లోనే వదిలి రండి

మార్కులు, ర్యాంకులు, పక్కింటి పిల్లాడు. అన్నిటికంటే ముఖ్యంగా బరువు. "కాస్త లావు తగ్గుతావు" అని ఒక్కసారి నోరు జారాను, వారం రోజులు రాలేదు. నెలసరి రోజుల్లో ఆడాలో వద్దో ఆమె ఇష్టం. నడుస్తానంటే నడవనివ్వండి, వద్దంటే కారణం అడగకండి.

ఎదురుగా కూర్చోబెట్టి "ఏంది సంగతి?" అంటే "ఏం లేదు" అని వస్తుంది. ఆట అయ్యాక పక్కపక్కన నడుస్తుంటే మూడో రౌండులో తనే మొదలుపెడుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కదా. అప్పుడు సలహా ఇవ్వాలని నా నాలుక దురద పెడుతుంది. అదృష్టం కొద్దీ ఆయాసం ఆ పని చేయనివ్వదు.

6. ఆదివారం ఊరు దాటండి

నెలకోసారి నరసింహకొండ ఎక్కి రావచ్చు, లేదా మైపాడు తీరంలో తడి ఇసుక మీద నడవొచ్చు. ఒంగోలు వాళ్లకి కొత్తపట్నం ఉంది. అలల్లోకి మాత్రం లోతుగా దిగనివ్వకండి. తిరుగుదారిలో నెయ్యికారం దోశ. వ్యాయామం చేసి దోశ ఏంటి అంటారా? నెలకి ఒక్కటే.

7. పరీక్షలప్పుడు తగ్గించండి, ఆపకండి

ప్రీ ఫైనల్స్ వారం మేం పది నిమిషాలే నడిచాం, వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్లి రావడం. ఆ వారంలో రెండు రోజులు నేనే ఆఫీసు పనిలో పడి ఎగ్గొట్టాను. మూడో రోజు సాయంత్రం గుమ్మం దగ్గర నా బూట్లు బయటికి తీసి పెట్టి ఉన్నాయి.