సర్వర్ అప్‌గ్రేడ్ తర్వాత డౌన్‌లోడ్లు మొరాయిస్తే

సర్వర్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు ‘ఫైలు దిగడం లేదు’ అని ఫిర్యాదు రాగానే చాలామంది బ్రౌజర్ క్యాష్ తుడవమంటారు. దానికన్నా ముందు సర్వర్ ఏం పంపుతోందో చూడాలి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ పెట్టి, లింకు మళ్లీ నొక్కండి. స్టేటస్ కోడ్, కంటెంట్-టైప్ (ఫైలు రకం), కంటెంట్-లెంగ్త్ (ఫైలు సైజు) ఈ మూడూ రాసుకున్నాకే కాన్ఫిగ్ ఫైలు తెరవండి.

పేజీ రావాల్సిన చోట పీహెచ్‌పీ ఫైలే దిగిపోతుంటే ముందు సైటు ఆపండి, తర్వాతే రిపేరు. అలా దిగేది మీ సోర్స్ కోడ్. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. ఉబుంటు 20.04లో పీహెచ్‌పీ 7.4 ఉంటే 22.04లో 8.1 వస్తుంది. పాత మాడ్యూల్ పోయి కొత్తది ఎనేబుల్ కాకపోతే వెబ్ సర్వర్ అపాచీ ఆ ఫైలును నడపలేక ఉన్నదున్నట్టు పంపేస్తుంది. ఏ2డిస్‌మాడ్ కమాండ్‌తో 7.4 మాడ్యూల్‌ను తీసేసి, ఏ2ఎన్‌మాడ్‌తో 8.1ను పెట్టి, అపాచీని రీస్టార్ట్ చేయండి. సీప్యానెల్ హోస్టింగ్‌లో అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (ఫోల్డరు సెట్టింగులు రాసే ఫైలు) పాత వర్షన్ పేరుతో యాడ్‌హ్యాండ్లర్ లైను, అంటే పీహెచ్‌పీ ఫైళ్లను ఏది నడపాలో చెప్పే లైను, మిగిలిపోయిందేమో చూడండి. సరిచేశాక కూడా పాత ఫైలే దిగుతుంటే అప్పుడు క్యాష్ తుడవాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా మార్చేయండి.

అపాచీ 2.2 నుంచి 2.4కి వచ్చినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అలవ్‌ఓవర్‌రైడ్ అనే సెట్టింగు. 2.4లో దాని డిఫాల్ట్ ‘నన్’. అంటే కాన్ఫిగ్‌లో మీరు విడిగా రాయకపోతే హెచ్‌టీయాక్సెస్ ఫైలును సర్వర్ అసలు చదవదు, లాగ్‌లో ఎర్రరు కూడా రాయదు. ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఏ కంటెంట్-టైప్ పంపాలో చెప్పే యాడ్‌టైప్ లైన్లు, ఫైలును డౌన్‌లోడ్‌గా పంపే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్లు చప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తాయి. నిన్నటిదాకా దిగిన పీడీఎఫ్ ఇవాళ ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ఇంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. పాస్‌వర్డ్ రక్షణ ఆ ఫైల్లోనే పెట్టి ఉంటే మీ ప్రైవేటు ఫోల్డరు అందరికీ తెరుచుకుని ఉన్నట్టే. ఇది అదే రోజు చూసుకోవాలి.

స్టేటస్ కోడ్ 403 (అనుమతి లేదు) వచ్చి, ఎర్రర్ లాగ్‌లో ‘క్లయింట్ డినైడ్ బై సర్వర్ కాన్ఫిగరేషన్’ అని ఉంటే ఆ ఫోల్డరు డైరెక్టరీ బ్లాకులో పాత ఆర్డర్, అలవ్ లైన్లు తీసేసి ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ రాయండి. పాతవీ కొత్తవీ కలిపి ఉంచొద్దు. రకం తెలియని ఫైళ్లకు కంటెంట్-టైప్ ఇచ్చే పాత డిఫాల్ట్‌టైప్ లైను కూడా 2.4లో పనిచేయదు. తెలియని ఎక్స్‌టెన్షన్‌కి అపాచీ కంటెంట్-టైప్ పంపదు, బ్రౌజర్ తనకు తోచినట్టు ఊహించుకుంటుంది. అలాంటి ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ ఒక యాడ్‌టైప్ లైను రాయండి.

ఫైలు సగంలో తెగితే వెతకాల్సింది వేరే చోట. ఎంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక అప్లికేషన్ ఉన్నప్పుడు, మెమరీ బఫర్లలో పట్టని జవాబును ఎంజిన్ఎక్స్ టెంప్ ఫోల్డర్లో రాస్తుంది. అప్‌గ్రేడ్‌లో ఆ ఫోల్డరు ఓనరు మారితే చిన్న ఫైళ్లు బాగానే వస్తాయి, పెద్దవి మాత్రం తెగుతాయి. లాగ్‌లో ‘పర్మిషన్ డినైడ్’ కనిపిస్తే ఆ ఫోల్డరును ఎంజిన్ఎక్స్ నడిచే యూజరుకు ఇచ్చేయండి. సరిగ్గా 1 జీబీ దగ్గర తెగుతుంటే ఎంజిన్ఎక్స్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్ చూడండి. దాని డిఫాల్ట్ 1024 ఎంబీ. 0 పెడితే టెంప్ ఫైలు వాడకుండా నేరుగా పంపుతుంది.

పీహెచ్‌పీ స్క్రిప్టు పంపే జిప్, ఎక్సెల్ ఫైళ్లు పూర్తిగా దిగీ తెరుచుకోకపోతే, దిగిన ఫైలు సైజును సర్వర్లో ఉన్నదానితో పోల్చండి. 3 బైట్లు ఎక్కువగా ఉంటే ఏదో స్క్రిప్టు మొదట్లో బీఓఎమ్ (ఎడిటర్ చేర్చే, కంటికి కనిపించని ఎన్‌కోడింగ్ గుర్తు) చేరినట్టు అనుమానించాలి. ఫైలును పంపే రీడ్‌ఫైల్ ఫంక్షన్‌కి ముందు అవుట్‌పుట్ బఫర్‌లో ఉన్నది పారేయండి, పీహెచ్‌పీలోని జీలిబ్ కంప్రెషన్ ఆపండి. కంప్రెస్ చేశాక అసలు సైజు కంటెంట్-లెంగ్త్‌గా వెళ్తే బ్రౌజర్ లెక్క తప్పిందని డౌన్‌లోడ్‌ను రద్దు చేస్తుంది.

సైటు హెచ్‌టీటీపీఎస్‌కి మారాక లింకు నొక్కితే ఏమీ జరగకపోతే, ఆ లింకు ఇంకా హెచ్‌టీటీపీతో మొదలవుతోందేమో చూడండి. అలాంటి డౌన్‌లోడ్లను క్రోమ్ అడ్డుకుంటుంది.

తెలుగు ఫైలు పేర్లు గజిబిజిగా వస్తే కంటెంట్-డిస్పొజిషన్‌లో ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తున్న రూపం కూడా ఇచ్చి, పేరును యూటీఎఫ్-8 పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో రాయండి. తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకూ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. లినక్స్‌లో ఫైలు పేరు హద్దు 255 బైట్లే కాబట్టి పొడవాటి శీర్షికను పేరుగా పెట్టకండి.