బరంపురం సర్వర్లకు తుఫాను పరీక్ష

తుఫానుకు మెయిన్ సైటు (సర్వర్లుండే చోటు) పడిపోతే, రెండో సైటు పని అందుకుంటుందో లేదో చూసేదే ఈ పరీక్ష. బరంపురంలో మెయిన్ సైటు, విశాఖలో బ్యాకప్ అంటే రెండూ ఒకే తీరం మీదున్నట్టే. 2013లో ఫైలిన్ తుఫాను బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటాయి. రెండో సైటు హైదరాబాద్‌లాంటి లోపలి ఊళ్లో పెట్టండి.

బ్యాకప్ నుంచి డేటాబేస్ రీస్టోర్ అవుతోందని ముందుగా చూసుకోండి. పరీక్ష రోజు సర్వర్లను పద్ధతిగా షట్‌డౌన్ చేయొద్దు. మెయిన్ సైటు లింకులన్నీ ఒక్కసారిగా తెంచండి. అన్నీ తెలిసిన అడ్మిన్‌ను ఆ రోజు ఫోన్ ఎత్తొద్దనండి (సగం లోపాలు అక్కడే బయటపడతాయి). పాస్‌వర్డ్‌లు, రికవరీ సూచనలు పడిపోయిన సైటులోనే ఉంటే పని అక్కడే ఆగుతుంది, కాబట్టి ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. డీఎన్‌ఎస్ (పేరును బట్టి సర్వర్ అడ్రసు చెప్పే వ్యవస్థ) టీటీఎల్, అంటే ఆ అడ్రసును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు, ఎప్పుడూ 300 సెకన్లే ఉండాలి. పరీక్ష కోసమే తగ్గిస్తే అది దొంగ పాసు.

లింకు తెగిన సమయానికీ, రెండో సైటుకు చేరిన ఆఖరి లావాదేవీకీ మధ్య తేడాయే పోయిన డేటా. లింకులు తిరిగి కలిపేటప్పుడు మెయిన్ సైటులోని పాత డేటాబేస్‌ను రీడ్‌ఓన్లీలోనే (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) లేపండి. రెండుచోట్లా రాతలు పడితే లెక్కలు కలవవు.